తువ్వాళ్ల గాలి

మా ఆయనకు వీధి చివర సెలూన్ ఉంది. గడ్డాలూ జుట్లూ ఆయన చూసుకుంటాడు. తడి తువ్వాళ్లు మాత్రం సంచీలో కుక్కి ప్రతి సాయంత్రం నా నెత్తిన పెడతాడు. నేనేమో పొద్దస్తమానం మందుల షాపులో బిల్లింగ్ దగ్గర నిలబడి, కాళ్లు నావో కావో తెలియని స్థితిలో ఇంటికొస్తాను. బాల్కనీలో తాడు కడదామంటే అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు ఒప్పుకోరు, బిల్డింగు అందం పోతుందట. వాళ్ల అందం తగలెయ్య! హాల్లో ఆరేస్తే వానాకాలంలో తువ్వాలు ముక్కు మూసుకునేలా కంపు కొడుతుంది. ఆ కంపు మెడకు చుడితే ఏ మనిషి మళ్లీ గడ్డానికొస్తాడు? అందుకని ఏడ్చుకుంటూ ఒక చిన్న డ్రయ్యర్ కొన్నాం. మామయ్య గది గుమ్మం పక్కన వాషింగ్ మెషీన్ ఉంటే దాని నెత్తికెక్కించాం.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. ఒకప్పుడు ఆ సెలూన్ ఆయనదే. చేతులు వణకడం మొదలయ్యాక కత్తి కొడుకు చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారంటే ఊరికే కాదు, మధ్యాహ్నమంతా డ్రయ్యర్ ఆయన రాజ్యం. నేను పొద్దున్నే ఉతికి పెట్టిన తువ్వాళ్లు అందులో వేసి, ఆరాక తీసి, ఫిల్టర్‌కు పట్టిన నూగూ వెంట్రుకలూ ఒలిచి పారేసి, అన్నీ మడతపెడతారు. సెలూన్ మడత అది, అంచులు లోపలికి ఉండాలి. నేను మడతపెడితే మళ్లీ విప్పుతారు. "నీది దుప్పటి మడత తల్లీ" అంటారు. ఒంట్లో బాగా లేని రోజున కూడా ఆ పని వదలరు. అదీ లేకపోతే తనకింక ఏం పనుంది అని ఒకసారి నవ్వుతూనే అన్నారు గానీ, నాకు నవ్వు రాలేదు.

డ్రయ్యర్ కొనేటప్పుడు తువ్వాళ్లు ఆరతాయా లేదా అనే చూశాం. వాటిలోని తడి ఎక్కడికి పోతుందో అడగలేదు. మా తెలివి అలా ఏడ్చింది. దాని వెనక నుంచి తొండంలాంటి పైపు ఒకటి వస్తుంది, అందులోంచి వేడి ఆవిరి బుస్సుమని తన్నుకొస్తుంది. పైపు మూతి బయటికి పెట్టకపోతే ఆ తడంతా ఇంట్లోనే. పోనీ పొడుగు పైపు వేసి వీధి వైపు పెడదామంటే, దారిలో నూగు అడ్డుపడి మెషీన్ వేడెక్కిపోతుందని బిగించడానికొచ్చిన మెకానిక్ మరీ మరీ చెప్పాడు. ఇక దగ్గరున్న మామయ్య గది కిటికీయే గతి. మా ఆయన కిటికీకి చెక్క బిగించి, గుండ్రంగా రంధ్రం కోసి, పైపు మూతి అందులో దూర్చాడు.

ఆ కిటికీ వీధిలోకి తెరుచుకోదు. రెండు ఫ్లాట్ల మధ్య గాలి కోసం వదిలిన ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఎదురింటి టీచరు గారి వంటింటి కిటికీ. ఒంటరి మనిషి. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ గొంతు ఇంకా రిటైరవలేదు.

నేను షాపు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే ఆవిడ తలుపు తెరుచుకునేది. "ఏమ్మా, మీ సెలూన్ ఆవిరంతా మా వంటింట్లోనేనా? పాల మీద మీగడ కట్టాల్సింది పోయి నూగు కడుతోంది! ఎవరి గడ్డం తుడిచారో ఏమో!"

ఒకరోజంటే సర్దుకుంటాం. రోజూ ఇదే పాట. మొదట్లో సరేనండీ అన్నాను, చూస్తానండీ అన్నాను. షాపులో జనం నన్నే అరుస్తారు, మందు లేకపోతే నేనే దాచుకున్నట్టు. ఇంటికొస్తే గడపలోనే ఈవిడ. ఒక సాయంత్రం నా ఒళ్లు మండిపోయింది. "కిటికీ మూసుకుంటే మీ సొమ్మేం పోయింది? ఇంట్లో మాట్లాడే దిక్కు లేక నా ప్రాణం తీస్తున్నారా?" అనేశాను. మెట్ల మీద వెళ్తున్న వాళ్లు కూడా ఆగి చూశారు. మామయ్య లోపలి నుంచి వచ్చి, నా చేతిలో సంచీ అందుకుని, నన్ను లోపలికి తీసుకెళ్లారు.

ఏమాటకామాటే, మర్నాటి నుంచి ఆవిడ నోరు పడిపోయింది. తలుపు తెరుచుకోలేదు, గొంతు వినబడలేదు. "చూశారా? ఒక్కసారి నోరు విప్పానంతే!" అని మా ఆయన దగ్గర గొప్పలు పోయాను. "నీ నోటికి ఎదురేముంది" అన్నాడాయన. అందులో వెక్కిరింపే ఎక్కువ ఉన్నా నేను పొగడ్త కింద జమకట్టేసుకున్నాను.

ఆ తర్వాతే మామయ్య గది గోడ చెమర్చడం మొదలైంది. మంచం వెనక నల్లటి మచ్చలు లేచాయి. దిండు పట్టుకుంటే చల్లగా, తడితడిగా తగిలేది. వానలు కదా అనుకున్నాం. పైన ఫ్లాట్లో పైపు కారుతోందేమోనని ప్లంబర్‌ను పిలిచాం. అతను గోడంతా తట్టి చూసి కారడం లేదన్నాడు, ఎందుకైనా మంచిదని ఇంకోసారి తట్టి వెళ్లిపోయాడు. మామయ్యకు దగ్గు పట్టుకుంది. ముందు పొడి దగ్గు, తర్వాత ఛాతీ గలగలలాడే దగ్గు. నాలుగడుగులు వేస్తే మంచం పట్టెకు ఆనుకునేవారు. మందుల షాపులో పని కదా, తెచ్చిన సిరప్ తేకుండా తెచ్చాను. దగ్గు మాత్రం తగ్గలేదు.

డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పడుకునే గదిలో చెమ్మ ఉందా అని అడిగారు. ఉందన్నాను. "మరి మందులేం చేస్తాయమ్మా? ముందు పెద్దాయన్ని ఆ గదిలోంచి మార్చండి. ఇలాగే ఉంటే ఊపిరితిత్తులు పాడైపోతాయి" అన్నారు.

మాకున్నవి రెండు గదులూ ఒక హాలూ. హాల్లో నాలుగు రోజులంటే సరే, ఎల్లకాలం ఎలా? కబురు తెలిసి మా వదిన, అంటే మామయ్య కూతురు, ఫోన్ చేసింది. "ఆదివారం వచ్చి నాన్నను తీసుకెళ్లిపోతాను. ఇక అక్కడికి పంపను" అంది. మా ఆయన తల వంచుకుని సరే అన్నాడు. మామయ్య కూడా సరే అన్నారు. అంత తొందరగా ఎందుకన్నారో నాకప్పుడు అర్థం కాలేదు. వెళ్లేది కూతురింటికే, పరాయి చోటికి కాదు. కానీ అక్కడ ఆయనకు మడతపెట్టడానికి ఒక్క తువ్వాలుండదు. కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెడతారు. నాకాయన వెళ్లడం ఇష్టం లేదు. ప్రేమ అనుకుంటే ప్రేమ, అవసరం అనుకుంటే అవసరం. నాకు రెండూ ఉన్నాయి.

శుక్రవారం షాపులో కంప్యూటర్ మొరాయించింది. బిల్లులు రాసే ఓపిక ఓనరుకు కూడా లేక మధ్యాహ్నమే పంపించేశాడు. కాసేపు నడుం వాల్చొచ్చని సంబరపడుతూ తాళం తీశాను. డ్రయ్యర్ గుర్రుమని తిరుగుతోంది. మామయ్య గది తలుపు పైపు దూరేంత సందు మాత్రం వదిలి దగ్గరగా వేసి ఉంది. పగలు గది తలుపెందుకు వేసుకున్నారా అని తోశాను. వేడి ఆవిరి మొహాన కొట్టింది.

కిటికీ రెక్కలు బిగించి ఉన్నాయి. చెక్కలో పైపు లేదు. అది నేల మీద పడి ఉంది, మూతికి నా పాత మేజోడు ఒకటి నూగు పట్టడానికి కట్టి ఉంది. గదంతా బాత్రూంలా చెమటలు కక్కుతోంది. ఆ ఆవిరి మధ్యలో మామయ్య మంచం మీద కూర్చుని, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఒళ్లో ఇంకో తువ్వాలు మడతపెడుతున్నారు.

"మామయ్యా! మతి పోయిందా మీకు?"

నా జన్మలో ఆయన్ని ఆ మాట అనలేదు. ఆయన ఉలిక్కిపడి లేచి, ముందు పైపు అందుకోబోయారు. దగ్గు తెర కమ్ముకొచ్చి మళ్లీ కూలబడ్డారు. డ్రయ్యర్ ఆపాను. కిటికీ తెరిచాను. వీపు రాస్తూ కూర్చున్నాను. చొక్కా తడిసి అతుక్కుపోయి ఉంది.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"నువ్వొచ్చేసరికి మళ్లీ పెట్టేస్తున్నాగా" అన్నారు.

"ఎందుకు మామయ్యా? ఎందుకిలా?"

ఆయన నా మొహం చూడలేదు. "ఆ గొడవైన మర్నాడు టీచరమ్మ గారింటికి వెళ్లాను. మీ వైపు గాలి రాకుండా నేను చూసుకుంటాను, మా అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి అని అడిగాను. ఆవిడ మాట నిలబెట్టుకుంది. మరి నేనూ నిలబెట్టుకోవాలిగా."

"నాకొక్క మాట చెప్తే ఏం పోయేది?"

"చెప్తే నువ్వూరుకుంటావా? మళ్లీ మొదలు. అసలే ప్రాణం ఉసూరుమంటూ వస్తావు. వచ్చీ రాగానే మాటలు పడేదానివి, నువ్వూ అనేదానివి, ఆ కోపంలో కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేదానివి. నేను చూడట్లేదా? ఇప్పుడు శుభ్రంగా తింటున్నావు తల్లీ."

ఆయన కూతురింటికి సరే అని ఎందుకన్నారో అప్పుడర్థమైంది. నిజం చెప్పి ఉండిపోవడం కన్నా చెప్పకుండా వెళ్లిపోవడమే నయమనుకున్నారు. నేను నోరు విప్పితే అవతలి మనిషి నోరు మూతపడిందని మురిసిపోయానే! నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చాను.

కాసేపయ్యాక లేచి, మొహమైనా కడుక్కోకుండా వెళ్లి ఎదురింటి బెల్ కొట్టాను. టీచరు గారు నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు.

"మీ వైపు గాలి రాకుండా మా మామయ్య ఏం చేస్తున్నారో తెలుసాండీ?" అని ఉన్నదున్నట్టు చెప్పాను. "దండం పెడతాను, ఏ టైములో ఆడించమంటే ఆ టైములోనే ఆడిస్తాం. కాస్త అప్పుడు మీ వంటింటి కిటికీ మూసుకోండి. లేకపోతే ఆయన్ని ఎల్లుండి పంపించెయ్యాలి."

ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో, మీరు మెషీన్ వాడటం మానేశారనుకున్నాను" అన్నారు. "నా భోజనం అయిపోయి గిన్నెలు సర్దుకున్నాక కిటికీ మూసేస్తాను. అప్పుడు పెట్టుకోమను."

హమ్మయ్య అని వెనక్కి తిరగబోయాను.

"ఆగు. దిక్కు లేదన్నావు కదూ ఆ రోజు నన్ను?" అంటూ మొదలుపెట్టారు. ఎంతసేపు తిట్టారో! నా పెంపకం, నా నోరు, నా మెట్ల మీది వీరంగం, ఏదీ వదల్లేదు. మధ్యలో ఆవిడ గొంతు బొంగురుపోయింది కూడా. జవాబులు నాలుక చివర దాకా వచ్చాయి. మింగేశాను. ఆవిడ అలిసిపోయేదాకా నిలబడి విని, వస్తానండీ అని చెప్పి వచ్చాను.

సాయంత్రం మా ఆయన వదినకు ఫోన్ చేసి, ఆదివారం వచ్చి నాన్నను చూసి వెళ్లు, తీసుకెళ్లొద్దు అని చెప్పాడు. వదిన ఒప్పుకోలేదు. గోడ ఆరి, దగ్గు తగ్గితే అప్పుడు వెనక్కి పంపే సంగతి ఆలోచిస్తానంది. ఎవరి భయం వాళ్లది. మామయ్య మంచం హాల్లోకి లాగి, పైపు మళ్లీ చెక్కలో బిగించి చుట్టూ టేపు వేశాం.

అన్నం వడ్డించుకుంటుంటే మామయ్య మంచం మీద నుంచి అడిగారు. "టీచరమ్మ ఏమైనా అందా?"

"అబ్బే, ఏమీ అనలేదు. సరేనమ్మా అంది" అన్నాను.

రెండు ముద్దలు కెలికి ఆగాను. ఆయన నా కంచం వైపే చూస్తున్నారు. ఇంకొంచెం వడ్డించుకుని తిన్నాను.