వెనుక గల్లీ వాటా

నడుము పట్టీకి నాలుగు ఫోన్లు, భుజాన బ్యాటరీల సంచీ వేసుకుని వాసుదేవ్ సోలాపూర్ అశోక్ చౌక్ నుంచి దాజీ పేట్ వైపు మళ్లేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆ ఫోన్లు వాటంతటవే కాల్ చేస్తాయి, కట్ చేస్తాయి, మళ్లీ చేస్తాయి. సిగ్నల్ ఎక్కడ బాగుందో, ఎక్కడ తెగిందో పుణేలోని కంట్రోల్ రూముకు చేరవేస్తాయి. వాటిని మోసుకుంటూ గల్లీ గల్లీ తిరగడమే అతని ఉద్యోగం.

అంతకుముందు పవర్‌లూమ్ మీద దుప్పట్లు నేసేవాడు. ఆ మోతలోనే కుడి చెవి పోయింది. కార్ఖానా మూతబడ్డాక ఈ పని దొరికితే, బీడీలు చుడుతున్న భార్య భాగ్యలక్ష్మి చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "చెవిటోనికి ఫోన్ల నౌకరీ ఎవడిచ్చిండయ్యా!" పిల్లలు లేని ఆ ఇంట్లో ఇద్దరూ ఆ మాట చెప్పుకుని చాలా ఏళ్లు నవ్వుకున్నారు.

ఆ రోజు శ్రావణ పున్నమి. మార్కండేయుడి రథం ఊరేగుతోంది. రోడ్డు నిండా జనం. ప్రతి చేతిలోనూ ఫోన్ పైకి లేచి ఉంది, ఎక్కడెక్కడి చుట్టాలకో రథాన్ని చూపిస్తున్నారు. వాసుదేవ్‌కు పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. సంచీ పట్టీ ఒరుసుకుంటోందనుకుని దాన్ని కుడి భుజానికి మార్చుకున్నాడు.

వెనుక గల్లీలో మాత్రం మనుషులు పలచగా ఉన్నారు. గంగమ్మ తన గడపలో నిలబడి ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతోంది. ఆమె భాగ్యలక్ష్మితో కలిసి బీడీలు చుట్టే మనిషి, వాసుదేవ్ కన్నా వయసులో పెద్దది.

"ఏంది తమ్మీ ఇది? మా వినాయక్ ఫోన్ చేసిండు. 'ఆయీ, దీపాలికి రక్తం' అన్నడు, కట్టయింది. మళ్ల కలుస్తనే లేదు."

దీపాలి ఆమె కోడలు. తెల్లవారుతూనే నొప్పులొస్తే కొడుకు హోట్గి రోడ్‌లోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. మోకాళ్లు పట్టేసిన గంగమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

వాసుదేవ్ పట్టీ చూసుకున్నాడు. మూడు ఫోన్లూ కలవకముందే తెగిపోతున్నాయి. నాలుగోది కంట్రోల్ రూముకు తప్ప వేరే ఎక్కడికీ పోదు. ఎంత రద్దీ ఉన్నా టవర్ దానికి దారి ఇస్తుంది. దాన్ని తీసి ఎడమ చెవికి ఆనించుకున్నాడు. అటువైపు ఋతుజ. సోలాపూర్ పిల్లే, చదువుకుని పుణేలో కుదురుకుంది.

"బిడ్డా, వెనుక గల్లీల కాల్ నిలుస్తలేదు."

"నాకు కనిపిస్తున్నది కాకా. టవర్‌కు ఉన్న సిగ్నల్ల ఎక్కువ వంతు రథం దిక్కు మళ్లించినం. గర్దీ అంత అటే ఉన్నది కద. వీడియోలు ఆగొద్దని సాయెబు ఆర్డర్."

"జర ఇటు వాపస్ ఇయ్యరాదు?"

"ఉన్నదే అంత కాకా. ఇటు పెంచితే అటు తగ్గుతది. అటు ఆగితే మాట నా మీదికొస్తది."

ఈ ఉద్యోగంలో అతను ఏనాడూ ఏదీ అడగలేదు. చూసింది చెప్పేవాడు. పంచడం వాళ్ల పని. గంగమ్మ అతని మొహంలోకే చూస్తోంది.

"వీడియో ఆగితే తిట్టుకుంటరు బిడ్డా, జరసేపటికి మళ్ల చూసుకుంటరు. ఇక్కడ గంగమ్మక్క కోడలు కాన్పుకు పోయింది. రక్తం అన్నడట కొడుకు, అంతల కట్టయింది. ఎట్ల చెప్పాలె నీకు?"

అటు కీబోర్డు టకటకలాడింది.

"మాట్లాడే కాల్స్‌కని కొంచెం వాటా పక్కకు పెడుతున్న కాకా. రథం పోయేదాంక అది వీడియోలకు పోదు. సాయెబుకు నేను చెప్పుకుంట. ఇప్పుడు చూడమను."

గంగమ్మ చేతిలో ఫోన్ మోగింది.

"ఆయీ, దీపాలికి రక్తం ఎక్కియ్యాలెనట. మన భరత్‌ది అదే గ్రూపు. లవ్‌కర్, జల్ది పంపు!"

భరత్ పక్కింటి షెడ్డులో మగ్గం నడిపే కుర్రవాడు. గంగమ్మ కేకకు మగ్గం ఆపి, నూనె చేతులు లుంగీకే తుడుచుకుని బండెక్కాడు. రోడ్డు వైపు నుంచి ఎవరో "అరే, అటక్‌లా!" అని విసుక్కోవడం వినిపించింది. వీడియోలు ఆగుతున్నాయి.

"జర కూసో తమ్మీ. మొకం గట్లున్నదేంది?"

మామూలుగా అయితే కూర్చోడు. ఇంకా తిరగాల్సిన గల్లీలు ఉన్నాయి. ఆ రోజు కాళ్లు కదల్లేదు. సంచీ దించి అరుగు మీద కూలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా వినాయక్ మళ్లీ ఫోన్ చేశాడు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. గంగమ్మ ఏడుస్తూనే లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి వాసుదేవ్ చేతిలో పెట్టింది. అతను సగం కొరికి, మిగతాది పక్కన బీడీలకని ఉంచిన తునికాకు మీద పెట్టాడు.

"ఇది మా భాగ్యకు," అన్నాడు.

గంగమ్మ చాయ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అతను గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలిచింది. పలకలేదు. చెవిటి పక్కన నిలబడ్డానేమోనని ఇటు తిరిగి వచ్చి, ఎడమ చెవి దగ్గర వంగి మళ్లీ పిలిచింది.

అంబులెన్సుకు చేసిన ఫోన్ మొదటిసారికే కలిసింది. వచ్చినవాళ్లు నాడి చూసి తల అడ్డంగా ఊపారు.

భాగ్యలక్ష్మి వచ్చి చాలాసేపు అతని కాళ్ల దగ్గరే కూర్చుంది. ఏడవలేదు. నడుము పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఫోన్లు ఇంకా కాల్స్ చేస్తూనే ఉన్నాయి. అంతలో నాలుగోది మోగింది.

"కాకా, రథం పోయింది. ఇంక ఆ వాటా తీసేస్త మరి?"

"నేను కాకీని బిడ్డా," అంది భాగ్యలక్ష్మి. "మీ కాకా లేడు. పోయిండు."

"కాకీ..." అంది ఋతుజ.

"ఆ వాటా జరసేపు ఉండనీ," అంది భాగ్యలక్ష్మి. "చుట్టాలకు చెప్పాలె."

ఆ సాయంత్రం గల్లీలో అందరి ఫోన్లూ కలిశాయి. చీకటి పడకముందే అతన్ని ఇంటికి తీసుకుపోయారు. గంగమ్మ అరుగు మీద, తునికాకులో, పంటి గుర్తులున్న సగం బెల్లం ముక్క శ్రావణపు చెమ్మకు మెల్లగా మెత్తబడుతోంది.