గెయిన్స్ మోకాళ్ళు

ఓజెల్ ప్రూయిట్ బార్‌లోకి వచ్చి, ఎత్తు స్టూలు ఎక్కి, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చలికి కాదు. జైల్లో ఒక కౌన్సెలర్ నేర్పిన విద్య అది. కోపం వచ్చే చోటికి వెళ్తే ముందే చేతుల మీద కూర్చో, అవి బయటికి రావడానికి ఒక క్షణం పడుతుంది, ఆ క్షణమే నిన్ను కాపాడుతుంది అన్నాడాయన. ఓజెల్ చేతులు మామూలు చేతులు కావు మరి. ఫౌండ్రీలో ఇరవయ్యేళ్ళు కరిగిన ఇనుముతో కుస్తీ పట్టిన చేతులు. అయిదేళ్ళ కిందట ఒక పార్కింగ్ స్థలంలో ఆ కుడిచెయ్యి ఒకడి దవడని మూడు చోట్ల విరగ్గొట్టింది. శిక్షలో కొంత అయ్యాక పెరోల్ మీద వదిలారు. పెరోల్ తీరడానికి ఇంకా పదకొండు నెలలుంది. ఈలోగా ఎవరి మీద చెయ్యి పడినా, మిగిలిన శిక్ష నాలుగేళ్ళూ లోపలే. పెరోల్ ఆఫీసరు ఈ మాట నెలనెలా చెప్తాడు, ఓజెల్ నెలనెలా తల ఊపుతాడు.

అలాంటి మనిషి ఆ రోజు వాండా బార్‌కి రాకుండా ఉండాల్సింది. బాస్కెట్‌బాల్ ట్రేడ్‌లకి ఆఖరి రోజు అది. మధ్యాహ్నం మూడు కొట్టేలోపల జట్లు తమ ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవాలి, మూడు దాటితే ఇక ఈ సీజనుకి ఎవరూ కదలరు. మొదటి షిఫ్టు దిగిన ఫౌండ్రీ వాళ్ళంతా ఒంటి మీద మసి కూడా కడుక్కోకుండా వచ్చి టీవీ కింద చేరతారు. కిందటేడు ఆఖరి అరగంటలోనే ఒకడి ముక్కు పగిలింది. ఇంట్లో కూర్చుని చూడొచ్చు కదా అంటే, ఓజెల్‌కి ఇంట్లో ఎవరున్నారు?

వాండా అడక్కుండానే అల్లం సోడా అతని ముందు పెట్టింది. అరవై దాటిన మనిషి, భర్త పోయాక బార్ ఒంటిచేత్తో నడుపుతోంది. కౌంటరు కింద బేస్‌బాల్ బ్యాటు ఒకటి ఉంటుంది.

"తాగి వెళ్ళిపో ఓజెల్. ఇవాళ గాలి బాలేదు" అంది.

"గెయిన్స్ సంగతి తేలాక వెళ్తా."

గెయిన్స్ సంగతే ఊరంతటి సంగతి. మార్విస్ గెయిన్స్‌కి ముప్ఫై ఏడేళ్ళు. పద్నాలుగేళ్ళుగా ఇదే జట్టు, ఇదే చొక్కా. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. అతన్నీ, అతని ఈడు వాళ్ళు మరో ఇద్దరినీ ఇచ్చేసి కుర్రాళ్ళని తెచ్చుకోవాలని సగం ఊరు, వద్దని సగం ఊరు. ఇచ్చెయ్యాలనే వాళ్ళకి ఆ బార్‌లో నాయకుడు డేల్ కోవాక్. ముప్ఫై ఏళ్ళవాడు, క్రేను నడుపుతాడు, ఏది అడిగినా ఫోను తీసి అంకెలు చదువుతాడు.

"నలభై ఎనిమిది ఆటల్లో ఇరవై ఒకటి ఆడాడు" అంటున్నాడు డేల్, బీరు గ్లాసు ఎత్తి. "మిగతావన్నీ సూటు వేసుకుని బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. చప్పట్లకైతే మా అత్తని పంపిస్తా. ఆవిడ కూర్చునే కొడుతుంది, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే."

బార్ అంతా గొల్లుమంది.

"ఆ మోకాళ్ళు ఎవరి కోసం అరిగాయిరా? నీ కోసం కాదూ?" అన్నాడు ఓజెల్.

"కాదన్నానా తాతా? మనల్ని ఇంతకాలం మోసిందని అరిగిపోయిన టైరుకి దణ్ణం పెడతాం గానీ, దానితో మంచులో హైవే ఎక్కుతామా?"

"ఎక్కకు. నడిచి పో. అసలు నువ్వు ఎంత అరిచినా లాభం లేదు. అతని ఒప్పందంలో రాసుంది, అతని సంతకం లేకుండా ఎవడూ కదపలేడు. అతను సంతకం చెయ్యడు."

"నీకు ఫోన్ చేసి చెప్పాడా?"

"చెప్పక్కర్లేదు."

తొడల కింద వేళ్ళు ముడుచుకున్నాయి. డేల్‌కి తెలియనిది ఒకటుంది. జైలుకెళ్ళిన రెండో ఏడు ఓజెల్‌కి భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఇంకొకరితో అరిజోనా వెళ్ళిపోతున్నానని. అదే వారం ప్లేఆఫ్ ఆటలో గెయిన్స్ వేలు విరిగింది. విరిగిన వేలికి పక్క వేలు కలిపి కట్టు కట్టుకుని తిరిగి కోర్టులోకి వచ్చాడు, ఓడిపోతున్న ఆటని చివరిదాకా ఆడాడు. జైలు హాల్లో ఎనభై మంది మధ్య నిలబడి ఆ ఆట చూస్తూ ఓజెల్ ఏడ్చాడు. అందరూ వెళ్ళిపోయారు, వీడు ఉన్నాడు అనుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట మీదే బతికాడు. పిచ్చే, కాదనను, కానీ మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

రెండూ నలభైకి బిలియర్డ్స్ టేబుల్ దగ్గర ఇద్దరు వెల్డర్లు కలియబడ్డారు. మాట ఇదే, గెయిన్స్. ఒకడు ఆట కర్ర తిప్పి రెండోవాడి వీపు మీద విరిగేలా కొట్టాడు. వాడు కింద పడలేదు, తిరిగి చూసి, కొట్టినవాడి జుట్టు పట్టుకుని మొహం టేబుల్ అంచుకి మోదాడు. ఆకుపచ్చ గుడ్డ మీద రక్తం చిందింది. పియెరోగీ కుడుముల పళ్ళెం నేలపాలైంది. నలుగురు కలిసి ఇద్దర్నీ చెరో మూలకి ఈడ్చారు. ఓజెల్ స్టూలు మీద కదల్లేదు, కానీ అతని భుజాలు రెండూ ఆ దెబ్బలతోపాటే ఎగిరాయి. వాండా అది చూసింది.

ఆ గొడవ చల్లారకముందే డేల్ ఫోను చూస్తూ బల్ల మీదికెక్కాడు. "అయిపోయింది! పంపేశారు! గెయిన్స్‌ని పంపేశారు!"

ఓజెల్ కుడిచెయ్యి తొడ కింద నుంచి బయటికి వచ్చేసింది. స్టూలు కిర్రుమంది. డేల్ వైపు రెండడుగులు వేశాడు కూడా.

"ఎవడు రాశాడో సరిగ్గా చూడు డేల్" అని అరిచింది వాండా.

డేల్ చూశాడు. మొహం ఎర్రబడింది. పేరూ ఫొటో ఒక పెద్ద విలేఖరివే, ఖాతా మాత్రం ఎవడో ఆకతాయి వెధవది. ఏటా ఈ రోజున ఇలాంటివి వందొస్తాయి, ఏటా ఎవడో ఒకడు పడతాడు. ఈసారి నవ్వులన్నీ డేల్ మీద కురిశాయి. నీ క్రేను కూడా ఇలాగే చూసి తిప్పుతావా అన్నాడొకడు. డేల్ బల్ల దిగాడు.

ఓజెల్ తిరిగి వచ్చి చేతులు తొడల కింద దోపుకున్నాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ చేతులు కట్టేసుకున్న మనిషికి నోరు ఒకటి మిగిలింది.

"పోనీలెండి, పాపం" అన్నాడు నింపాదిగా. "ముసలాళ్ళని వదిలించుకోవడం డేల్‌కి కొత్తేం కాదు. కిందటి నెలే వాళ్ళ నాన్నని ట్రేడ్ చేశాడు, నర్సింగ్ హోముకి. బదులుగా ఏమొచ్చిందిరా, ఆయన ట్రక్కేనా?"

ఎవరూ నవ్వలేదు. డేల్ తండ్రి మిలన్ కోవాక్ ఒకప్పుడు ఓజెల్ పక్కనే పనిచేసినవాడు. మతి తప్పి, కన్నకొడుకునే పోల్చుకోలేక, వంటింట్లో రెండుసార్లు నిప్పు పెట్టాడు. డేల్ రెండేళ్ళపాటు ఆయనకి స్నానం చేయించాడు, అన్నం తినిపించాడు, ఇక చేతకాక పంపాడు. ఇదంతా ఓజెల్‌కి తెలుసు. తెలిసే అన్నాడు.

డేల్ మూడు అంగల్లో వచ్చి కొట్టాడు.

మొదటి దెబ్బకి ఓజెల్ స్టూలుతో సహా వెనక్కి పడ్డాడు. తల నేలకి తగిలింది. లేవబోతుంటే రెండోది చెంప మీద పడింది, పన్ను ఒకటి ఊడి నాలుక మీదికి వచ్చింది. అతని రెండు చేతులూ వెనక్కి పోయి, నడుం దగ్గర బెల్టుని పట్టుకున్నాయి. వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాయి.

"లే! కొట్టు!" డేల్ గొంతు చీరుకుపోయింది. "మా నాన్న మాట ఎత్తావుగా, ఇప్పుడు కొట్టు, రా!"

ఓజెల్ మోకాళ్ళ మీదికి లేచాడు, చేతులు వెనకే ఉన్నాయి. నోట్లోంచి రక్తం కారుతుండగా నవ్వాడు. ఆ నవ్వుకే డేల్‌కి పిచ్చెత్తింది. ఇనుప ముక్కు బూటుతో డొక్కలో తన్నాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు ఓజెల్‌కి వినిపించింది. మళ్ళీ మొహం మీద తన్నాడు. కన్ను మూసుకుపోయింది. వాండా బ్యాటుతో కౌంటరు మీద బాదుతూ, రెండో చేత్తో పోలీసులకి ఫోను చేస్తోంది. అయిదుగురు మీద పడితే గానీ డేల్ ఆగలేదు.

నిజం చెప్పాలంటే, నేల మీద పడి ఊపిరాడని ఆ క్షణంలో ఓజెల్‌కి సంతోషంగా ఉంది. బెల్టు వదల్లేదు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి తన చేతులు తన మాట విన్నాయి. విరిగిన వేలితో ఆడినవాడు గుర్తొచ్చాడు. నేనూ ఆడగలను అనుకున్నాడు.

గార్సా అనే పోలీసామె వచ్చేసరికి మూడుకి అయిదు నిమిషాలుంది. ఓజెల్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె అతని పేరు అడిగింది, పెరోల్ సంగతి తెలుసుకుంది, మొహం గంభీరమైంది.

"ఇతను చెయ్యి ఎత్తాడా?"

"వేలు కూడా ఎత్తలేదు" అంది వాండా. "యాభై మంది చూశాం."

ఆమె ఓజెల్ చేతులు తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. "ఇతని మీద కేసు పెడతావా?" అని డేల్‌ని చూపించింది.

"వద్దు" అన్నాడు ఓజెల్, పెదవులు వాచి మాట ముద్దగా వస్తుంటే. "అనకూడని మాట అన్నాను. తప్పు నాదే. అతన్ని వదిలెయ్యండి."

గోడకి ఆనుకున్న డేల్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఊరికే కాదు, ఏడుస్తున్నాడు.

అప్పుడు టీవీలో తాజా వార్త గంట మోగింది. వాండా టీవీ సౌండు పెంచింది. ఈసారి ఆకతాయి రాత కాదు. గెయిన్స్‌ని పంపేశారు. జట్టు పంపలేదు, అతనే కిందటి వారం అడిగి సంతకం పెట్టాడని చెప్తున్నారు. ఏ ఊరికో ఓజెల్‌కి వినబడలేదు, ఒక చెవిలో హోరు. గెయిన్స్ మొహం మాత్రం కనబడింది. బూడిదరంగు సూటు, నవ్వు.

"పద్నాలుగేళ్ళు ఇచ్చాను" అన్నాడు గెయిన్స్. "ఇక నా సంగతి నేను చూసుకోవాలి. మనసు ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు."

ఇచ్చెయ్యాలన్న వాళ్ళు కూడా చప్పట్లు కొట్టలేదు. అందరూ ఓజెల్‌ని చూశారు, చూసి చూపులు తిప్పుకున్నారు.

డేల్ కౌంటరు దగ్గరికి వెళ్ళి, తువ్వాల్లో మంచుముక్కలు మూటకట్టి తెచ్చాడు. కుర్చీ ముందు గొంతుకూర్చుని, ఓజెల్ వాచిన చెంపకి మెల్లిగా ఆనించాడు. తండ్రికి రెండేళ్ళు స్నానం చేయించిన చెయ్యి అది, అందుకే అంత మెత్తగా ఆనించగలిగాడు.

"పట్టుకో అన్నా" అన్నాడు. "పోతే పోయాడులే. నీకు మేమంతా ఉన్నాం కదా."

బూటు దెబ్బలకి ఓర్చుకున్నవాడు ఆ మాటకి ఓర్చుకోలేకపోయాడు. కుడిచెయ్యి ఎప్పుడు లేచిందో ఓజెల్‌కే తెలియదు. డేల్ దవడ కింద తగిలిన ఆ దెబ్బ బార్ అంతా వినిపించింది. మంచుముక్కలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. డేల్ వెల్లకిలా పడి, కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని, కదలకుండా ఉండిపోయాడు. నోట్లోంచి బుడగలుగా రక్తం వస్తోంది. అందుకని బతికే ఉన్నాడని తెలిసింది.

"అయ్యో ఓజెల్" అంది వాండా.

గార్సా అతన్ని బోర్లా పడేసి వీపు మీద మోకాలు ఆనించింది. విరిగిన డొక్క నేలకి ఒత్తుకుని అరిచాడు. చేతులు రెండూ తనే వెనక్కి పెట్టాడు, ఆమె బేడీలు బిగించింది. అంబులెన్సుకి కబురు వెళ్ళింది. ఎవరో డేల్ తల ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి పీల్చు, ఊపిరి పీల్చు అంటున్నారు. గడియారం మూడు దాటింది.

లేపి తలుపు దగ్గరికి నడిపిస్తుంటే ఓజెల్ ఆగాడు.

"వాండా, ఏ ఊరికి పంపారు వాణ్ణి?"

ఆమె కళ్ళు తుడుచుకుని చెప్పింది. "ఫీనిక్స్‌కి. అరిజోనా."

తెరిచిన తలుపులోంచి ఊరి పక్క సరస్సు మీది మంచుగాలి మొహానికి కొట్టింది.

"అక్కడ చలి ఉండదు" అన్నాడు ఓజెల్. "మోకాళ్ళకి మంచిది."