నిమిషానికి అరవై

ఆరో వాయి ఇడ్లీ దించేటప్పటికి బయట ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. నూకరత్నం మూత తీసి, ఆవిరి ముఖానికి కొట్టకుండా మెడ పక్కకు తిప్పి, రేకులు ఒక్కొక్కటే పైకి లాగి తడిగుడ్డ మీద బోర్లించింది. చెంచాతో గీరేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. రేకు వీపున అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే ఇడ్లీలన్నీ ఊడి పడాల్సిందే. పడ్డాయి. ఏడో వాయికి పిండి పోస్తూనే మోకాలితో చట్నీ బేసిన్ను ముందుకు నెట్టింది.

చోడవరం బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఉన్న ఆ టిఫిన్ సెంటర్లో పదకొండేళ్ళుగా ఇదే పని. సన్నటి మనిషి. నలభై మూడేళ్ళకే చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ముంజేతుల నిండా ఆవిరి కాల్చిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని పోయిన వారానివి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నడిస్తే పక్కవాళ్ళు పరిగెత్తాలి. సెంటర్లో అందరూ ఆమెను మోటారు అంటారు. ఆమెకు కోపం రాదు.

తొందర ఆమెకు చిన్నప్పుడే అబ్బింది. పుట్టిల్లు బుచ్చయ్యపేట దగ్గర పల్లె. పదేళ్ళ వయసు నుంచి తల్లి వెంట చెరకు కొట్టడానికి పోయేది. లారీ వచ్చేలోపు ఎన్ని మోపులు కడితే అంత కూలి. పెళ్ళయ్యాక భర్త దాసు లారీల మీద తిరుగుడు మనిషి కావడంతో ఇంటి పనీ బయటి పనీ ఒక్కత్తే చేసుకుంది. కూతురు రోజా కూడా ఎనిమిదో నెలలోనే పుట్టింది. "నా తొందర దానికీ అంటుకుంది" అని నవ్వేది.

ఆ రోజా ఇవాళ సాయంత్రం అయిదింటి బస్సుకు విజయనగరం వెళ్ళిపోతోంది. సంగీత కళాశాలలో వయొలిన్‌కు సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలి.

తొమ్మిదింటికి నూకరత్నం చేతులు కడుక్కుని ఓనరు ఉదయ్‌కుమార్ దగ్గరకు వచ్చింది.

"బాబూ, నాను అనకాపల్లి ఎల్లాల. మా గుంట రోజాకి ఓ వస్తువు కొనాల."

"ఏటక్కా ఆ వస్తువు?"

"అదేదో నోము బాబూ. మెట్రో నోము."

"ఏ నోమయినా పట్టు గానీ, రేపు నాలుగింటికి వచ్చీ" అన్నాడు ఉదయ్‌కుమార్.

ఆ పేరు చెప్పింది దుర్గాదేవి మేడం. ఆవిడ సంగీతం టీచరుగా రిటైరయింది. నూకరత్నం సెంటర్ పనయ్యాక వాళ్ళింట్లో అంట్లు తోమడానికి వెళ్ళే రోజుల్లో, వెంట వచ్చిన ఏడేళ్ళ రోజా గుమ్మంలో కూర్చుని పాఠం విని, ఇంటికెళ్ళి తప్పుల్లేకుండా పాడింది. మేడం తన పాత వయొలిన్ ఇచ్చి, డబ్బు ముట్టకుండా నేర్పింది. ఇంట్లో సాధన చేసేటప్పుడు తాళం వెయ్యడానికి మనిషి కావాలంటే తల్లికే ఆది తాళం నేర్పింది. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. రాగం ఏదో, స్వరం ఏదో నూకరత్నానికి ఈనాటికీ తెలియదు. ఆ ఎనిమిదీ తెలుసు. పదేళ్ళుగా రోజూ సాయంత్రం గంటసేపు, కాళ్ళు చాపుకుని తొడ మీద తాళం వేసింది. రోజంతటిలో ఆమె కూర్చునేది ఆ ఒక్క గంటే.

పోయిన ఆదివారం మేడం ఆమెను పక్కకు పిలిచింది.

"పిల్ల వాయిద్యం బంగారంలా ఉంది రత్నం. లయే ముందుకు పరిగెడుతోంది. కాలేజీలో ఒప్పుకోరు. మెట్రోనోమ్ అని సమంగా తాళం కొట్టే మిషను ఒకటి ఉంటుంది, దాన్ని పెట్టుకుని సాధన చెయ్యాలి. చిన్నదైనా సరే, కొను." తర్వాత మెల్లగా అంది. "తప్పు పిల్లది కాదులే."

ఎవరిదో నూకరత్నానికి వెంటనే అర్థమైంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అనకాపల్లిలో సంగీత వాయిద్యాలు అమ్మే కొట్టు ఖలందర్ గారిది. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. ఒక హార్మోనియం పొట్ట విప్పి మెట్లు సరిచేస్తున్నాడు. నూకరత్నం గుక్క తిప్పుకోకుండా విషయమంతా చెప్పింది.

"కూచోమ్మా ముందు" అన్నాడాయన.

"కూచుంటే బస్సు తప్పిపోద్ది బాబూ."

"నిలబడి కొనే వస్తువు కాదమ్మా ఇది."

ఆమె స్టూలు అంచున కూర్చుంది. ఆయన ముందుగా అద్దాల బీరువాలోంచి చిన్న గోపురంలాంటి చెక్కపెట్టె తీసి కీ ఇచ్చాడు. కడ్డీ అటూ ఇటూ ఊగుతూ టక్కు టక్కుమంది. నూకరత్నం కళ్ళు పెద్దవయ్యాయి. ధర వినగానే చేతులు ఒళ్ళోకి తీసుకుంది. మూడు వేల పైమాటే.

"దానికి సమంగా ఉండే బల్ల కావాల. హాస్టల్లో పెట్టెల మీద, మంచాల మీద అది ఆడదు" అని ఆయనే లోపల పెట్టేశాడు. "ఫోనుందామ్మా? ఫోన్లో అయితే ఊరికే వస్తాది. నేనే ఎక్కించి ఇస్తాను."

"ఉన్నది ఒక్కటే ఫోను బాబూ. అది నా కాడే ఉండాల. నేకపోతే దాని గొంతు నాకెలాగ ఇనపడద్ది?"

ఖలందర్ గారు తలాడించి, ఇంకో రెండు తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి వెడల్పాటి తెరతో, బోలెడన్ని మీటలతో ఉంది. శ్రుతి కూడా చూపిస్తుందట, పధ్నాలుగు వందలు. ఇంకోటి అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, ఒక చక్రం, ఒక ఎర్ర దీపం. ఆరు వందల యాభై.

ఆమె రెండింటినీ తిరగేసి వెనక మూతలు తీయించింది. మొదటిదానిలో బొత్తాంలాంటి సెల్లు.

"ఇది అయిపోతే గుంట ఎక్కడ ఎతుక్కుంటాది? దీనికయితే గోడ గడియారం సెల్లే కదా." నల్లడబ్బాను చెవి దగ్గర పెట్టుకుంది. "శబ్దం పీలగుంది."

"చెవిలో పెట్టుకునే వైరు తగులుద్దమ్మా. పక్క పిల్లలు పడుకున్నా ఇబ్బంది ఉండదు."

ఆ మాటకు నూకరత్నం మనసు కుదిరింది. అయినా, "పనిచేస్తాదో నేదో ఓపాలి సూస్తాను" అంది. ఆయన చక్రాన్ని అరవై దగ్గర నిలిపాడు. నిమిషానికి అరవై. ఆమె అలవాటుగా తొడ మీద తాళం మొదలుపెట్టింది. మూడో దెబ్బకే డబ్బా వెనకబడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ వెనకబడింది.

"ఇది పాడయిపోనాదేటి బాబూ, ఈడుస్తంది!"

ఖలందర్ గారు నవ్వలేదు. "అది ఈడవట్లేదమ్మా. నువ్వు పరిగెడతన్నావు."

నూకరత్నం చెయ్యి గాలిలో ఆగిపోయింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత ఖాళీ ఉందో మొదటిసారి విన్నది. ఆ ఖాళీలో తను రెండు ఇడ్లీలు తీసేస్తుంది, ఒక గిన్నె తోమేస్తుంది. అందులో ఏమీ చెయ్యకుండా ఎలా ఉండాలి? ఇంత మెల్లగా ఎవరు బతుకుతారు?

"ఊపిరి తీసుకో. ఆ దీపం వెలిగినాకే కొట్టు. ముందు కొట్టీకు" అన్నాడాయన.

ఆమె కళ్ళు దీపం మీద నిలిపింది. పదిసార్లు తప్పింది. ఒక బస్సు పోయింది, ఇంకోటి కూడా పోయింది. ఖలందర్ గారు హార్మోనియం పని పక్కన పెట్టి, తన వేళ్ళతో గాజుబల్ల మీద ఆమెకు తోడుగా వేశాడు. ఎప్పుడో ఎనిమిదీ కలిసి ఒక ఆవర్తం కుదిరింది. తర్వాత నాలుగు వరసగా కుదిరాయి. భుజాలు వాటంతటవే కిందకు దిగాయి. పెద్ద బరువు దించుకున్నట్టు నిట్టూర్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వచ్చీసింది బాబూ" అంది చిన్నగా.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. రోజా పెట్టె సర్ది ఉంచింది. తల్లి పోలికే, సన్నగా, పొడుగాటి వేళ్ళతో. నల్లడబ్బా చూసి మురిసిపోయింది. వైరు చెవిలో పెట్టుకుని, కమాను పట్టుకుని వర్ణం సగం వాయించి ఆపేసింది.

"బాగుందమ్మా. ఇది ఎలాగూ అక్కడ ఉంటాది కదా. ఇప్పుడు నువ్వు ఎయ్యి."

నూకరత్నం చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. లోలోపల సంబరంగా ఉంది. ఊపిరి తీసుకుని, కొట్టులో నేర్చుకున్నట్టే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వదిలి తాళం వేసింది. రోజా మొదలుపెట్టింది. చరణం దగ్గరకొచ్చేసరికి కమాను తడబడింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే తడబడింది.

"ఏటమ్మా ఇలాగ ఏస్తన్నావు?"

"సరిగ్గానే ఏస్తన్నానే! అరవై. నేర్సుకుని వచ్చేను."

రోజా వయొలిన్ ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు బిగించి కిందికి చూసింది.

"నువ్వు చరణంలో పరిగెడతావని నాకు తెలుసమ్మా. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ముందే తిరిగిపోద్ది. నువ్వు రాకపోతే... అక్కడ నేనొక్కదాన్నే ఉన్నట్టుంది."

నూకరత్నం ముందుకు జరిగింది. పిల్ల నుదుటి మీద పడిన జుట్టు వెనక్కు తోసింది. తర్వాత కుచ్చిళ్ళు సర్దుకుని, చెయ్యెత్తి, తనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన వేగంతో తాళం అందుకుంది. ఇద్దరూ చరణంలో కలిసి పరిగెత్తారు. చివర రోజా నవ్వేసింది, ముక్కు ఎగబీల్చుకుంటూ. రేపటి నుంచి అరవై మీదే వాయించాలని ఒట్టు వేయించుకుంది తల్లి.

కె.కోటపాడు మీదుగా వెళ్ళే బస్సు అయిదింటికి సరిగ్గా కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది. "తిన్నాక ఫోన్ చెయ్యి, వార్డెన్ గారిని అడిగి" అని నూకరత్నం రెండుసార్లు చెప్పింది. రోజా తలూపింది. వయొలిన్ పెట్టెను ఒళ్ళో నిలబెట్టుకుని, మలుపు తిరిగేదాకా వెనక్కు చూస్తూనే ఉంది.

నూకరత్నం ఇంటికి నడిచివచ్చింది. దారిలో ఇద్దరు ఆమెను దాటిపోయారు.

గదిలో చాప చుట్టి మూలన పెట్టి, దీపం వేసింది. కిటికీ గట్టు మీద, కమానుకు రాసే రాళముక్క ఒకటి ఉండిపోయింది. మేడం కొత్తది ఇవ్వడంతో రోజా దీన్ని వదిలేసినట్టుంది. గోరంత మిగిలింది, తేనెరంగులో. నూకరత్నం దాన్ని తీయబోయి, తీయకుండానే వంగి చూసింది. ఏళ్ళ తరబడి కమాను ఒరిసి ఒరిసి దాని నడుమ లోతుగా ఒక గాడి పడింది. గాడి చుట్టూ పిల్ల ఇవాళ మధ్యాహ్నం రాల్చిన తెల్లటి పొడి ఇంకా మెత్తగా, చెదరకుండా ఉంది.