చలికి పగిలిందనుకున్నది

పాలు పితికే మెషిన్ తగిలించి, ఆవు చేపేదాకా వెర్నా కిల్‌బర్న్ దాని పక్కటెముకలకి నుదురు ఆనించి నిలబడింది. ఎడమచెయ్యి భుజం పైకి లేవడం మానేసింది. అందుకని గొట్టాన్ని మోకాలితో నొక్కిపెట్టి, కుడిచేత్తో మెలితిప్పి, జారిన చేతొడుగును పళ్ళతో పైకి లాక్కుంటోంది. ఆపరేషన్ అయ్యాక పని చేసే తీరు మారింది గానీ పని ఆగలేదు. ఆవులకి ఎవరి ఆపరేషనూ పట్టదు.

"ఒంటిచేత్తో సర్కస్ చేస్తున్నావు. అది నిన్ను చూసి నవ్వుతోంది చూడు," అన్నాడు డ్వైట్, గడ్డి తోస్తూ. కొట్టం ఆయనది, ఆవులూ ఆయనవే.

"నవ్వడానికి దానికి పైపళ్ళేవీ? నీకూ లేవనుకో."

డెబ్బై దాటిన డ్వైట్ బోసినోటితో నవ్వాడు. కట్టుడుపళ్ళు ఆదివారం చర్చికి మాత్రమే పెట్టుకుంటాడు.

వెర్నా ఈ కొట్టంలోకి వచ్చినప్పుడు ఆమెకింకా పెళ్ళి కాలేదు. పాల ట్యాంకరు నడిపే రాయ్‌ని ఇక్కడే చూసింది, ఇక్కడినుంచే పెళ్ళికి వెళ్ళింది. అతను చెప్పాపెట్టకుండా ఫ్లోరిడా వెళ్ళిపోయిన రోజున కూడా సాయంత్రం పాలు పితికింది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎర్రబడ్డ మణికట్లు. మందులకి ఊడిపోయిన జుట్టు ఇప్పుడు నెరిసిన నూగులా మొలుస్తోంది. కొట్టం వెనక రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కొండల మీద మంచు పడితే రోడ్డు మూసుకుపోతుంది గానీ, కొట్టానికీ ఆమె ఇంటికీ మధ్య దారి ఏనాడూ మూసుకుపోలేదు. ఆమె నడకకే అది తెరుచుకుని ఉండేది.

ఇదంతా మొదలైంది మూడు శీతాకాలాల కిందట. ఎడమ రొమ్ము మొన దగ్గర దురద. తర్వాత పొలుసులు. గోకితే చెమ్మ, చెమ్మ ఆరితే పెచ్చు. చలికి ఆవుల చన్లు సరిగ్గా ఇలాగే పగులుతాయి. వాటికి రాసే పొదుగు మందు డబ్బా కిటికీగట్టు మీద ఉంటుంది. ఆ కొండల్లో పాలు పితికేవాళ్ళందరూ దాన్ని చేతులకీ, పెదాలకీ, మడమలకీ రాసుకుంటారు. వెర్నా కూడా రాసుకుంది. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండేది, మళ్ళీ వచ్చేది.

ఆ చలికాలంలోనే దగ్గు పట్టుకుని ఊళ్ళో డాక్టరు మెరిల్ దగ్గరికి వెళ్ళినప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పోతూపోతూ చెప్పినట్టు ఆ మాట కూడా చెప్పింది. తనే నవ్వింది. "చలికి పగిలింది డాక్టర్ గారూ, మా ఆవులకి పగిలినట్టే." డాక్టరూ నవ్వాడు. "ఆవులకి ఏం రాస్తావో నువ్వూ అదే రాసుకో," అని, దానికి తోడు ఒక ట్యూబు రాసిచ్చాడు. పెట్టుకున్న గుండీలు మళ్ళీ విప్పమని అనలేదు.

తర్వాత బనీను మీద తుప్పు మరకలాంటిది కనబడితే సబ్బు మార్చింది. మొన లోపలికి లాక్కుపోతే వయసు అనుకుంది. పోయిన వేసవిలో చంకలో గడ్డ చేతికి తగిలాకే పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడి సర్జనమ్మ చూసీ చూడగానే అడిగింది, "ఇన్నాళ్ళూ దీన్ని ఎవరికీ చూపించలేదా?"

చూపించలేదు. చెప్పింది.

ఆ ఉదయం పాలయ్యాక డ్వైట్ ఆమెను ట్రక్కులో పట్నానికి తీసుకెళ్ళాడు, మెరిల్ మీద కేసు నిలుస్తుందో లేదో లాయరు జవాబు చెప్తానన్న రోజని. వెర్నాకి కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, న్యాయంగా, నలుగురి ముందు, తప్పు ఆ రోజు జరిగిందని అనాలి. తను బతికుండగా అనాలి.

బేకరీ మీద మేడగది. లాయరు హెలెన్ డ్రూ చిన్న వయసుదే. వెర్నా కుర్చీ అంచున కూర్చుంది, కొట్టం వాసన దాని గుడ్డకి అంటకూడదని.

"వెర్నా గారూ, తప్పు జరిగింది. అందులో నాకు అనుమానం లేదు. ఆయన చూడాలి, చూడలేదు. పట్టించుకోకపోతే ఇంకొకరికి చూపించమని అడిగే హక్కు మీకుంది. కానీ కేసు వెయ్యలేం. గడువు దాటిపోయింది."

"గడువేంటమ్మా? నాకు తెలిసిందే మొన్న వేసవిలో."

"మీకెప్పుడు తెలిసిందో చట్టానికి అక్కర్లేదు. డాక్టరు తప్పు చేసిన రోజునుంచే లెక్క."

ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో చట్టం అలాగే ఉండేది. తర్వాత మార్చారు. ఆ మార్పు వెర్నాకి అందలేదు.

"నాకు జబ్బుందని నాకే తెలీనప్పుడు, నేనెవరి మీద ఏమని వేస్తానూ కేసు?"

లాయరు తల దించుకుంది. "అందరూ అదే అడుగుతారు." ఫైలు తిరగేస్తూ అంది, "ఆ బాధతోనే మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళారా? అదే వైద్యం సాగుతూ ఉంటే ఆఖరిసారి వెళ్ళిన రోజునుంచి లెక్కపెట్టేవాళ్ళు. ఇంకా తగ్గలేదని రెండోసారో మూడోసారో చెప్పి ఉంటే…"

"లేదమ్మా. ఒకసారి చెప్పాం కదా, మళ్ళీ మళ్ళీ చెప్పి విసిగించడం ఎందుకని."

ఆ మాట తన నోటినుంచి వచ్చాకగాని దాని అర్థం ఆమెకి తెలియలేదు. కొట్టంలో పాల మోటారు ఉన్నట్టుండి ఆగిపోతే చెవుల్లో ఒక నిశ్శబ్దం గింగురుమంటుంది. అలాంటిది చుట్టూ కమ్మింది. కింద బేకరీలో ఎవరో పళ్ళెం పడేశారు. లాయరు పెదాలు కదులుతున్నాయి. జీవితమంతా ఎవరినీ విసిగించకుండా బతికింది. ఆ మంచితనమే చట్టం ముందు ఆమె తప్పయింది.

ట్రక్కెక్కాక డ్వైట్ అడిగాడు. "ఏమంది?"

"ఆలస్యమైందట."

"ఎవరు చేశారట ఆలస్యం?"

"నేనేనట."

డ్వైట్ ఒక బూతుమాట అన్నాడు. చాలాదూరం పోయాక వెర్నా అంది, "మెరిల్ దగ్గర ఆపు."

క్లినిక్‌లో ఒక పడుచు, ఒళ్ళో పసిపిల్లతో కూర్చుని ఉంది. కాళ్ళకి రబ్బరు బూట్లు, తనలాంటిదే. మెరిల్ లోపల్నుంచి వస్తూ వెర్నాని చూసి చెయ్యి చాపాడు.

"ఆవులెలా ఉన్నాయి వెర్నా?"

"బాగున్నాయి. నాకే కాన్సరు. చలికి పగిలిందనుకున్నాం చూడండి, అది."

ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. గుర్తులేదంటాడని ఆమె అనుకుంది. ఆయనకి గుర్తుంది.

"నువ్వే కదా అన్నావు… ఆవులకి పగిలినట్టేనని."

వెర్నా ఆయన ముఖంలోకే చూసింది. మూడేళ్ళ కిందటి తన నవ్వులాట మాటని ఈయన అక్షరం పొల్లుపోకుండా దాచుకున్నాడు. చూడడం ఒక్కటే మర్చిపోయాడు.

"నేను చెప్పాను డాక్టర్ గారూ. పాలు పితికేదాన్ని, నాకు తెలిసింది చెప్పాను. చూడాల్సింది మీరు."

వెర్నా పడుచు వైపు తిరిగింది.

"నువ్వు దేనికొచ్చావమ్మా?"

"పిల్లకి చెవిపోటు."

"మంచిది. ఎప్పుడైనా నీకోసం వస్తే, బట్ట విప్పి చూపించు. వద్దన్నా చూపించు. తగ్గకపోతే మళ్ళీ రా. మళ్ళీ మళ్ళీ రా. విసుక్కుంటే విసుక్కోనీ."

పడుచు పిల్లని గట్టిగా పట్టుకుని తలూపింది. మెరిల్ అక్కడే నిలబడి అంతా విన్నాడు.

సాయంత్రం కొట్టంలో వెర్నా ఎప్పటిలాగే ఆవుల్ని పేరుపేరునా తిట్టింది. ఒక దూడ కట్టు తెంపుకుంటే డ్వైట్‌ని కూడా తిట్టింది. అన్నీ అయ్యాక దీపాలార్పుతూ అంది, "ఆయనకి గుర్తుంది డ్వైట్. అది మాత్రం నేననుకోలేదు."

ఆ చలికాలం ఆమెకి గడవలేదు. ఒక తెల్లవారుజామున కొట్టందాకా వచ్చే దారి మంచుతో కప్పుకుపోయి ఉంది, దాని మీద అడుగులు లేవు. డ్వైట్ వెళ్ళి తలుపు కొట్టాడు. లోపల కాఫీ మరిగి మరిగి మాడింది. వెర్నా కుర్చీలో, ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. డ్వైట్ తిరిగొచ్చి, ఆవులు అరుస్తుంటే, ముందు పాలు పితికాడు. అలా ఎందుకు చేశావని ఎవరూ ఆయన్ని అడగలేదు.

ఇప్పటికీ ఆయన ట్రక్కులో పక్కసీటు బెల్టుకి, రొమ్ము కోసేసినచోట ఒరుసుకోకుండా ఆమె మడతపెట్టి రెండు పిన్నీసులతో గుచ్చిపెట్టుకున్న పసుపుపచ్చ తువ్వాలు అలాగే ఉంది.