మా గదిని మోసే దూలం

పెళ్లయి నెల కూడా నిండలేదు కాబట్టి నాకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. మా ఆయన చెవి వెనకాల ఇరుక్కునే చెక్కపొట్టు, రెండు కప్పులకి మాత్రమే చోటున్న మా కిటికీ గట్టు, ఆయన వడ్రంగి షెడ్డు మీద లేవబోయే మా సొంత గది. ముద్దుగా లేనిది ఒక్కటే. ఆ గదిని మోసే ఇనుప దూలం కొనడానికి మేం వెళ్ళాల్సింది ఆయన మరదలి దగ్గరికి.

మరదలంటే మేనమామ కూతురు. మామయ్య మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున కూర్చున్నప్పటి నుంచి ఇనుప యార్డు ఆమే చూసుకుంటోంది. ఇనుప ముక్కని కంటితో చూసి బరువు చెప్పేస్తుందని అందరూ ఆమెను ‘తూకం’ అంటారు. మా ఆయన ఏది కొనాలన్నా “ఒకసారి తూకాన్ని అడుగుదాం” అంటాడు. మేకులకి అడిగాడు, సరే. తాళానికి అడిగాడు, ఊరుకున్నాను. మొన్న మా పరుపు ఎంత మందం ఉండాలో కూడా ఫోన్ చేసి అడిగాడు. ఆ పూట అలిగి భోజనం మానేశాను. ఆయన గమనించలేదు. ఆకలేసి తినేశాను.

దూలం మాత్రం నేనే ఎంచాలని నిశ్చయించుకున్నాను. మా గది నేల కూడా ఆమె చెప్పినట్టే వేస్తే, రోజూ ఆమె మాట మీద నడుస్తున్నట్టే ఉంటుంది.

యార్డులో దూలాలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇంగ్లీషు ఐ అక్షరంలా ఉంటుంది. పైన ఒక అడ్డపట్టీ, కింద ఒక అడ్డపట్టీ, మధ్యలో నిలువు పట్టీ. చేతులకి తోలు తొడుగులతో తూకం ఎదురొచ్చింది.

“రా బావా. అక్కా, చూసి నడు, అంచులు కోసుకుపోతాయి.”

‘బావా’ అనడం అప్పుడే ఒకసారి అయింది.

“గోడ నుంచి గోడకి, మధ్యలో స్తంభం వద్దన్నావుగా బావా? అయితే ఇదే” అంటూ ఆమె ఎత్తుగా, సన్నగా నిలబడ్డ దూలాన్ని తట్టింది.

“అది వద్దు. ఆయన తలకి తగులుతుంది” అన్నాను. “మెట్లు ముందే కట్టేశారు, గది నేల ఇంకా పైకి లేవదు. పలకలు, వాటి కింద చెక్క దూలాలు, వాటి కింద ఇంత ఎత్తు ఇనుము. షెడ్డులో ఆయన మెడ వంచుకుని తిరగాలి.”

“తిరగనీ అక్కా. చిన్నప్పుడు మా అటక దూలానికి కొట్టుకుని ఎన్ని బుడిపెలు కట్టించుకున్నాడో.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఆ బుడిపెల సంగతి తెలియదు. ఆయన తల మీద నేనెరగని చోట్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది.

“ఇది ఇవ్వు” అని పక్కనే ఉన్న పొట్టి, వెడల్పాటి దూలం చూపించాను. “దానికంటే ఇదే బరువు కదా. గట్టిదే అయి ఉంటుంది.”

“బరువుదే. కానీ దూలం బలం ఎత్తులో ఉంటుంది, లావులో కాదు. నా మాట ఎందుకు, ఎక్కి చూడండి. పైన కాపురం చేసేవాళ్ళే ఎక్కాలి, మా యార్డు పద్ధతి అది.”

క్రేనుతో రెండు దూలాల్నీ దిమ్మల మీద పెట్టించింది. ఒక్కోదాని కింద చిన్న సందు వదిలి, ఈ దిమ్మ నుంచి ఆ దిమ్మకి దారం బిగించింది. మేం మధ్యలో నిలబడితే, దూలానికీ దారానికీ మధ్య సందు ఎంత తగ్గుతుందో చూడాలి. చేతులు పట్టుకుని నా దూలం ఎక్కాం. చేతులు పట్టుకున్నందుకు నాకు ఎంత బాగుందో. ఆయన మెల్లగా ఎగిరాడు. అరికాళ్ళలో వణుకు పుట్టింది. కింద సందు దాదాపు మూసుకుపోయింది. ఆమె దూలం ఎక్కితే సందు మమ్మల్ని పట్టించుకోనేలేదు.

మా ఆయన నా మొహం చూశాడు. “పర్వాలేదులే, పొట్టిదే తీసుకుందాం.”

“అది నేను అమ్మను” అంది తూకం. “పైన అక్క ఇల్లు సర్దుకుంటుంటే కప్పు ఊగి దుమ్ము రాలి, కింద నువ్వు చెక్క మీద ఒక్క గీత తిన్నగా గీయలేవు.”

మా ఆయన నా వైపు మొగ్గినందుకు సంతోషించాలి. కానీ ఆయన కళ్ళు ఆమె దూలం మీదే ఉన్నాయి. నన్ను బుజ్జగించడానికి ఊగే నేలకి ఒప్పుకున్నాడు. బుజ్జగింపు నాకు, నమ్మకం ఆమెకి. ఇంతకంటే ఓడిపోవడమే నయం.

ఇంతలో టీ వచ్చింది. తూకం తన గ్లాసుని ఆ ఎత్తు దూలం కింది అడ్డపట్టీ మీద, నిలువు పట్టీకి ఆనించి, అలమరలో పెట్టినట్టు పెట్టింది. గ్లాసు పూర్తిగా దూలం ఒంట్లోనే ఇమిడిపోయింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను.

“చెక్క దూలాలు దీని నెత్తినే ఎందుకు కూర్చోవాలి?” అన్నాను. “ఇలా లోపల కూర్చోకూడదా? రెండు వైపుల నుంచీ వచ్చి ఈ గూట్లో ఆనితే, పలకలు తిన్నగా ఇనుము మీదికే వస్తాయి. చెక్క ఎత్తంతా మిగులుతుంది. ఇనుము ఆ మేరకి పైకి జరుగుతుంది. ఆయన తల కూడా తగలదు.”

తూకం గ్లాసు తీసి ఆ చోటు చూసింది.

“బావా, నీకు తట్టలేదా?”

“లేదు. నీకు?”

“నాకూ తట్టలేదు.”

ఇనుముని చూసినట్టు నన్ను కింద నుంచి పైదాకా చూసింది. ఆ చూపులో ఒక రవ్వ అసూయ కనిపించింది. లేకపోయినా సరే, ఉందనే అనుకుంటాను.

నా సంబరం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. “కొనలు గూటికి సరిపడా చెక్కాలి బావా” అని ఆమె, “చెక్కి ఒక్కో బోల్టు వేస్తే కదలదు” అని ఆయన, ఇద్దరూ దూలం పక్కన గొంతుక్కూర్చున్నారు. ఆలోచన నాది, దగ్గరికి చేరిన తలలు వాళ్ళవి. వెళ్ళి మధ్యలో కూర్చున్నాను.

“కొంచెం జరగండి.”

ఇద్దరూ జరిగారు. ఒకటే నవ్వు.

అమ్ముడైన దూలం మీద ఎవరిదో సుద్దతో రాస్తారట. తూకం అలవాటుగా ‘బావ’ అని రాసింది. రాశాక నా వైపు చూసి, తొడుగుతో తుడిచేసి, సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

“నీ గది అక్కా. నువ్వే రాయి.”

‘మా గది’ అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆమె చోట నేనుంటే సుద్దముక్క అంత తేలిగ్గా ఇచ్చేదాన్ని కాను. ఇంటికొచ్చే దారంతా స్కూటర్ మీద మా ఆయన భుజం పట్టుకుని, ఆ సంగతికి కూడా ఆమె మీద కుళ్ళుకున్నాను.