కనబడని నడక

ఖుర్సీపార్ బస్తీ దాటాక ఉన్న ఇనుప కడ్డీల షెడ్డులో నూకరాజు క్రేను నడుపుతాడు. కప్పు కింద అగ్గిపెట్టెంత క్యాబిన్. పొద్దున ఎక్కితే తిండికి తప్ప దిగేది లేదు. కింద కడ్డీల కట్టకి గొలుసులు తగిలించి సైగ చేసేవాడు సొంత బావమరిది వాసుదేవరావు. సైగ చేసి అతను కుడిపక్క గోడవైపు నడుస్తాడు, నడక మొదలవగానే ఇతను కట్ట ఎత్తేస్తాడు, అతను గోడ చేరాకే దాన్ని కుడికి నడుపుతాడు. ఏళ్ల తరబడి కుదిరిన జత.

నీటికాసుల జబ్బుతో చూపులో కుడిపక్క ఒక ముక్క పోయిందని సుపేలాలో కళ్ల డాక్టరు నెల కిందటే చెప్పాడు. పోతే నల్లగా కనబడాలి కదా అని నూకరాజు వాదించాడు. కనబడదట. మనిషి ఆ ముక్కలోకి నడిచి వెళ్తే, అదే వేగంతో ఇంకా నడుస్తున్నాడని మెదడు అంచనా కట్టి అవతలికి చేర్చేస్తుందట. తెలీదని ఒప్పుకోవడం దానికి చచ్చినా రాదు, మన పెద్దమనుషులకి మల్లే.

ఆ సంగతి నూకరాజు ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ రోజు వాసుదేవరావు సైగ చేసి బయల్దేరాడు. కట్ట లేస్తున్నప్పుడు హుక్కు మీంచి చూపు తియ్యకూడదు. అయినా ఓరగా అతను గోడ చేరడం నూకరాజు చూశాడు. ఒట్టేసి చెప్పగలడు. కట్టని కుడివైపు నడిపాడు. కింద కేకలు లేచాయి. వాసుదేవరావు దారి మధ్యలో ఆగి ఖైనీ నలుపుకుంటున్నాడు. కట్ట అతని హెల్మెట్‌ని ఎగరగొట్టి పోయింది.

నూకరాజు నిచ్చెన దిగి పరుగెత్తాడు. బావమరిదిని పట్టుకుని ఏడుస్తూ కళ్ల సంగతంతా కక్కేశాడు.

"మేనేజరుకి సెప్పేస్తాన్రా. నిన్ను సంపేసీవోణ్ణి."

వాసుదేవరావు అతని నోరు మూశాడు. "పాగల్ అయిపోనావేటి బావా? కంపినీవోళ్లు రిమోట్ క్రేను తెస్తామంటన్నారు, కింద నిలబడి ఒక్కడే నడిపేత్తాడంట. నువ్వు దిగిపోతే అదే తెస్తారు. అప్పుడు పైన నువ్వక్కర్లేదు, కింద నానక్కర్లేదు. ఈ వయసులో మనకెవుడిత్తాడు పని?"

"మరి నీకేటైనా అయితే?"

"ఆగనులే. గోడ దాకా ఆగకుండా నడుస్తాను. నువ్వెత్తీ."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిండయ్యాక నూకరాజు మళ్లీ పైకెక్కాడు. అంత భయం అతనికి ఏనాడూ లేదు. కింద వాసుదేవరావు గొలుసులు తగిలించి, చెయ్యెత్తి గోడవైపు నడిచాడు. చూపు హుక్కు మీదే పెట్టి నూకరాజు కట్ట లేపాడు. ఓరగా బావమరిది కనిపిస్తూనే ఉన్నాడు, చక్కగా, ఆగకుండా నడుస్తున్నాడు. గోడ చేరాడు.

చేరాడో, తన మెదడే చేర్చిందో.

"వాసూ!" అని అరిచాడు. షెడ్డు మోతలో ఆ కేక అతనికే వినబడలేదు. కట్ట గాలిలో ఊగుతోంది, దాని మీంచి చూపు తిప్పే వీల్లేదు. కిందనున్నవాళ్లు కానీమని చేతులూపుతున్నారు. నూకరాజు లీవరు కుడివైపు తోశాడు.