తాళంచెవి ఎవరి దగ్గర

జొన్నరొట్టె తట్టి పెనం మీద వేస్తుంటే మా అత్త జములమ్మ వెనకనుంచి అంది. "రెండో కాన్పు వద్దంటివంట? ఒక్క ఆడపిల్లతోనే సాలా నీకు?"

చెయ్యి చురుక్కుమంది. ఆ మాట మా చెల్లెలు యమునకు ఒక్కదానికే, ఫోన్లో రికార్డు చేసి పంపాను. ఈ ఫోన్ కొన్నరోజే నా భర్త భాస్కర్, "నీకు తెల్వదు, నేను పెడ్త" అంటూ, ఇందులో ఉన్నదంతా ఆన్‌లైన్లో దాచే ఖాతా తెరిచాడు. పాస్‌వర్డ్ ఆయనదే, ఓటీపీ వచ్చే నంబరూ ఆయనదే. అంటే నేను ఏడ్చుకుంటూ చెప్పుకున్నది కూర్చుని విన్నాడు, విని తల్లికి చేరవేశాడు. నిలదీస్తే, "మొగుడు పెండ్లాలకు దాపరికమేంది?" అన్నాడు. ఆయన ఫోన్ ఆయన వేలు పెడితే తప్ప తెరుచుకోదు. దాన్నెవరూ దాపరికం అనరు.

ఒళ్లు మండుతుండగానే ఇటిక్యాలలో బస్సెక్కి గద్వాల చేరాను. నేను పనిచేసే స్కానింగ్ సెంటర్లో రోగుల రిపోర్టులు ఆన్‌లైన్లో దాచాలట. ఏ కంపెనీ భద్రమో చూసి చెప్పే పని డాక్టర్ శైలజ నా నెత్తిన పెట్టింది. ఒక కంపెనీ అతనికి ఫోన్ చేశాను.

"పాస్‌వర్డ్ మర్చిపోయినా పరేషాన్ కావద్దు మేడం. మా దగ్గర ఇంకో తాళంచెవి ఉంటది. మేమే తెరిచిస్తం."

"గట్లయితే ఎవరి కడుపుల ఏ గడ్డ ఉన్నదో మీరు గూడ చూడొచ్చు గద?"

"మా మీద నమ్మకం లేదా మేడం?" అని నవ్వాడు. అచ్చం భాస్కర్ నవ్వే. నమ్మమని అడిగేవాళ్లంతా తాళంచెవి తమ దగ్గరే ఎందుకు పెట్టుకుంటారో!

ఆ కంపెనీ పేరు కొట్టేశాను. మన కంప్యూటర్లోనే తాళం వేసి పంపించే ఇంకొకటి ఎంచుకున్నాను. అందులో తాళంచెవి మన దగ్గర తప్ప ఎక్కడా ఉండదు. పరీక్షకని, తాళంచెవి లేని పక్క కంప్యూటర్ నుంచి తెరవబోతే తెరుచుకోలేదు. "పాసైంది మేడం" అని డాక్టర్ శైలజతో అన్నాను.

"పాస్‌వర్డ్ నువ్వే మర్చిపోతే ఎట్లమ్మా?" అంది డాక్టర్.

"మర్చిపోతే రిపోర్టులు పోతయి మేడం. పోతే మన చేతులనే పోతయి."

అన్నం డబ్బా మూత కూడా తీయకుండా నా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాత ఖాతా నా ఫోన్లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి అందులో ఉన్నదంతా తుడిచేసి, నా నంబరుతో, నా తాళంతో కొత్తది తెరిచాను.

మర్నాడు మళ్లీ రొట్టెల దగ్గరే ఉన్నాను. భాస్కర్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "నీ ఫోన్ల ఉన్నయి నా దాంట్ల తెరువబోతే ఒక్కటి గూడ కనబడ్తలేదు. ఏంది, ఖరాబైందా?"

రొట్టె తిరగేశాను.

"లేదు. పాసైంది."